ముప్పై బెడ్ల వార్డుకు ఎంతమంది నర్సులు? పనిభారం కొలిచే పద్ధతుల్లో ఏది ఎక్కడ పనికొస్తుంది

ముప్పై బెడ్ల ఆడవాళ్ల మెడికల్ వార్డు ఒకటి తీసుకుందాం. దానికి ఎంతమంది స్టాఫ్ నర్సులు కావాలంటే ఒకరు 7 అంటారు, ఒకరు 16 అంటారు, ఇంకొకరు 22 అంటారు. మూడూ లెక్క వేసి రాబట్టిన అంకెలే, ఎవరూ ఊహించి చెప్పినవి కావు. దేన్ని కొలిచాం, ఏ ప్రశ్నకు జవాబు కోసం కొలిచాం అన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది.

రాజోలులోనో పాలకొల్లులోనో పాతిక బెడ్ల నర్సింగ్ హోం నడిపేవారి ప్రశ్న వేరు. వంద పడకల ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ ప్రశ్న వేరు. కాకినాడ జీజీహెచ్ అంత పెద్ద బోధనాసుపత్రిలో పోస్టుల ప్రతిపాదన రాసేవారి ప్రశ్న ఇంకా వేరు. అందుకే ఏ పద్ధతి గొప్పదన్న చర్చ పక్కనపెట్టి, ఏది ఏ పనికి వాడాలో, ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం.

బెడ్లను బట్టి నిష్పత్తి

అందరికీ తెలిసిందీ, చేతివేళ్ల మీద అయిపోయేదీ ఇదే. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణాల్లో జనరల్ వార్డుకు 1:6, ఐసీయూకి 1:1. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల్లో బోధనాసుపత్రికి 1:3, మామూలు ఆసుపత్రికి 1:5. ఈ తేడా మన దగ్గర ఈమధ్యే పనికొచ్చింది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరు ఆసుపత్రులు వైద్య కళాశాలలకు అనుబంధమయ్యాయి. బెడ్లు అవే ఉన్నా, బోధనాసుపత్రి అయ్యాక కౌన్సిల్ లెక్కలో అడగాల్సిన నర్సుల సంఖ్య మారిపోతుంది.

నిష్పత్తితో వచ్చే పెద్ద తగాదా ఒక్కటే. 1:6 అంటే ఒక షిఫ్టులో ఆరుగురు పేషెంట్లకు ఒకరా, లేక ఆరు బెడ్లకు మొత్తం మీద ఒక పోస్టా? మొదటి అర్థంలో మన వార్డుకు షిఫ్టుకు 5, మూడు షిఫ్టులకు 15, సెలవుల కోసం 45 శాతం కలిపితే 22. రెండో అర్థంలో మొత్తం 5, సెలవులు కలిపితే 7. ఏడుగురిని మూడు షిఫ్టులకు పంచి, వారాంతపు ఆఫ్‌లు తీస్తే రాత్రి ముప్పైమందికి ఒక్క సిస్టర్ మిగులుతుంది. ప్రతిపాదన రాసేటప్పుడు ‘ప్రతి షిఫ్టుకు’ అన్న మాట వేయడం మరిచిపోతే 22 అడిగినవారికి 7 మంజూరైనా అడగడానికి నోరుండదు.

సెలవుల శాతం దగ్గర రెండో తగాదా. స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 45 శాతం అంటుంది, నర్సింగ్ కౌన్సిల్ 30 అంటుంది. ఎవరి మాటా పట్టుకోకుండా మీ ఆసుపత్రి లెక్క మీరే కట్టుకోండి, పది నిమిషాల పని. 365లోంచి వారాంతపు ఆఫ్‌లు 52 తీయండి. క్యాజువల్ లీవులు 12, సంపాదిత సెలవు 15, పండగ సెలవులు 8, జబ్బు సెలవు సగటున 7, శిక్షణ 3, నైట్ డ్యూటీ తర్వాత ఇచ్చే ఆఫ్‌లు 12 తీసేయండి. 256 రోజులు మిగిలాయి. 365ను 256తో భాగిస్తే 1.43. అంటే ఏడాది పొడవునా ఒక షిఫ్టులో ఒక మనిషి కనబడాలంటే 1.43 పోస్టులు ఉండాలి. ఇందులో ప్రసూతి సెలవు లేదు. స్టాఫ్‌లో ఎక్కువమంది పాతికేళ్లవాళ్లయితే అది వేరే కలపాలి. ప్రైవేటులో పండగ సెలవులూ నైట్ ఆఫ్‌లూ ఎగ్గొట్టి 1.25తో నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఆరునెలలకోసారి సగం స్టాఫ్ మారిపోవడానికి కారణం ఎక్కడో వెతకనక్కర్లేదు.

నిష్పత్తి బెడ్లను లెక్కపెడుతుంది. బెడ్డు మీద ఎవరున్నారో దానికి పట్టదు. రేపు డిశ్చార్జి అయ్యే జ్వరం పేషెంటూ, పక్షవాతంతో పడిపోయి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిన పెద్దావిడా దానికి ఒక్కటే. నేల మీద పరుపేసి పడుకోబెట్టిన పేషెంటు అసలు లెక్కలోనే లేదు. అయినా దీన్ని పారేయకూడదు. లైసెన్సుకీ, తనిఖీకీ, ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకిచ్చే జాతీయ) గుర్తింపుకీ అడిగేది నిష్పత్తినే. దీన్ని కనీస మట్టంగా పెట్టుకోండి. ఇంతకు దిగితే వార్డు నడపకూడదన్నంతవరకే దాని ఉపయోగం.

ఒక్కో పేషెంటుకు రోజుకు ఎన్ని గంటలు

కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది ఇది. రోజు మొత్తం నర్సులు పనిచేసిన గంటలను ఆ రోజు పేషెంట్ల సంఖ్యతో భాగిస్తారు. ఖర్చు చూసుకోవడానికీ, వార్డును వార్డుతో పోల్చడానికీ బాగానే ఉంటుంది. చిక్కంతా పేషెంట్ల సంఖ్య ఎక్కడినుంచి తెస్తారన్నదే. మామూలుగా రాత్రి పన్నెండు గంటల సెన్సస్ తీసుకుంటారు. ఉదయం ఎనిమిదిమంది డిశ్చార్జి అయ్యి, సాయంత్రానికి అవే బెడ్లలో ఎనిమిదిమంది చేరితే అర్ధరాత్రి లెక్కకు ఏమీ జరగనట్టే. పదహారుమంది పని జరిగింది, కాగితం మీద ఎనిమిదే కనబడుతోంది. తిరుగుడు ఎక్కువున్న వార్డుల్లో, అంటే ప్రసూతి, డే కేర్, జ్వరాల సీజన్‌లో మెడికల్ వార్డు లాంటి చోట్ల, ఈ ఒక్క అంకె మీద స్టాఫ్‌ను తగ్గించాలని చూస్తే ఒప్పుకోకండి.

పేషెంట్లను తరగతులుగా విడగొట్టడం

ఈరోజు ఏ వార్డుకు ఎవరిని పంపాలి అన్న ప్రశ్నకు దీన్ని మించింది లేదు. ప్రతి పేషెంటునూ రోజుకోసారి మూడు తరగతుల్లో ఒకదాంట్లో పెడతారు. తనంతట తాను లేచి తిరిగేవారు తేలిక. సెలైన్లు, ఇంజెక్షన్లు, సాయం పట్టుకుంటేనే బాత్రూంకి వెళ్లేవారు మధ్యస్థం. గంటగంటకూ చూడాల్సినవారూ, పూర్తిగా మంచానపడ్డవారూ బరువు. మూడుకు మించి తరగతులు పెట్టుకుంటే ఏది ఎవరన్న వాదనతోనే పొద్దుపోతుంది.

ఒక్కో తరగతికి రోజుకు ఇన్ని నిమిషాలని ఉండాలి. ఉదాహరణకు తేలికకు 75, మధ్యస్థానికి 150, బరువుకు 300 అనుకుందాం. మీ ఆసుపత్రిలో నిజంగా కొలిచి ఈ అంకెలు మార్చుకోవాలి, ఎలాగో కింద ఉంది.

మన వార్డులో ఒక మామూలు రోజు 28 మంది ఉన్నారు. తేలిక 12, మధ్యస్థం 12, బరువు 4. గంటల్లో 15, 30, 20 కలిపి 65. కొత్త అడ్మిషన్లు ఏడు, ఒక్కోదానికి 40 నిమిషాలు. డిశ్చార్జిలు ఏడు, ఒక్కోదానికి అరగంట. అన్నీ కలిపి 73 గంటల చిల్లర. ఎనిమిది గంటల షిఫ్టులో హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టుకు అప్పగింత) అరగంట, రిజిస్టర్లు, ఇండెంట్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు ముప్పావు గంట, భోజనం, టీ అరగంట పోతే పేషెంటు దగ్గర మిగిలేది ఆరుంబావు గంటలే. 73ని ఆరుంబావుతో భాగిస్తే 11.7. రోజుకు 12 మంది కావాలి. మూడు షిఫ్టులకూ నాలుగేసి అని సమంగా పంచొద్దు. రౌండ్లు, శాంపిళ్లు, ఒళ్లు తుడవడం, డిశ్చార్జిలు పొద్దుటే కాబట్టి 5, 4, 3.

ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. డెంగీ, విషజ్వరాలు. అదే వార్డులో నేలమీద పరుపులతో కలిపి 36 మంది. తేలిక 10, మధ్యస్థం 16, బరువు 10. కొత్తవాళ్లు పన్నెండుమంది, వెళ్లినవాళ్లు ఆరుగురు. లెక్కేస్తే 113 గంటలు దాటింది, అంటే 18 మంది కావాలి. పేషెంట్లు పెరిగింది నూటికి ముప్పై కూడా లేదు, పని యాభైకి పైగా పెరిగింది. బెడ్ల నిష్పత్తి మాత్రం ముప్పై బెడ్లకే అతుక్కుపోయి, ఎంత ఉదారంగా లెక్కేసినా పదిహేను దగ్గరే ఆగిపోతుంది.

తరగతి వేసేటప్పుడు రోగం పేరు చూడొద్దు, చేతిపని చూడాలి. కట్లపాము కాటు పేషెంటును చూడండి. పొలం గట్టు మీదనుంచో, నేలమీద పడుకున్న చోటునుంచో తెచ్చేసరికి కాటు గుర్తు సరిగా కనబడదు, కడుపునొప్పి అంటాడు, మాట బాగానే ఉంటుంది. రాత్రి రెండింటికి చూస్తే తేలిక పేషెంటే. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కించడం మొదలయ్యాక సిస్టర్ ఆ మంచం వదలడానికి లేదు. దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోవడం ఎక్కువగా మొదటి ఒకటి రెండు గంటల్లోనే వస్తాయి, అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. రెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నాడా, ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలుగుతున్నాడు అని పదేపదే చూడాలి. ఇవి తప్పితే శ్వాస ఆడక ట్యూబు వేసేదాకా వెళుతుంది. ఆ రాత్రి ముగ్గురు నర్సులున్న వార్డులో లెక్కకు ఇద్దరే ఉన్నట్టు. పొద్దున ఎనిమిదింటికి ఒక్కసారే తరగతి వేసే పద్ధతిలో ఇది ఎక్కడా పడదు. అందుకే కోతలు, నాట్ల కాలంలోనైనా రోజుకు రెండుసార్లు, ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ, తరగతులు వేయించండి. ముప్పైమందికి పది నిమిషాలు చాలు.

బెడిసికొట్టేదల్లా తరగతులు పైకి పాకడం. బరువు పేషెంట్లు ఎక్కువుంటే ఒక మనిషిని అదనంగా పంపుతున్నారని తెలిసిన నెలకే ప్రతి వార్డులోనూ బరువు పెరిగిపోతుంది. దానికి సిస్టర్లను తప్పుపట్టి లాభం లేదు, మనిషి దొరికే దారి అదొక్కటే అయినప్పుడు ఎవరైనా అలాగే చేస్తారు. వారానికోసారి వేరే వార్డు ఇన్‌ఛార్జి వచ్చి అయిదుగురు పేషెంట్లకు విడిగా తరగతి వేయాలి. అయిదింట్లో నాలుగు కలవాలి. అంతకు తక్కువైతే తరగతుల నిర్వచనం మళ్లీ కూర్చుని చదవాలి, సంజాయిషీలు అడగకూడదు.

విస్న్: ఏడాదికి పోస్టులు అడగడానికి

విస్న్ అంటే వర్క్‌లోడ్ ఇండికేటర్స్ ఆఫ్ స్టాఫింగ్ నీడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఇది, 1998లో వచ్చింది, 2010లో కొత్త మాన్యువల్ వేశారు. బెడ్లు కాకుండా ఏడాదిలో జరిగిన పనిని లెక్కపెడుతుంది. పై తరగతుల లెక్కకు అన్నయ్యలాంటిది, కాకపోతే దీనికి కావాల్సింది ఏడాది రిజిస్టర్లు. లెక్క చూడటానికి పెద్దదిగా ఉంటుంది, చేస్తే ఒక ఎక్సెల్ పేజీ.

మొదట ఒక నర్సుకు ఏడాదిలో ఉన్న పని సమయం. పైన తేలిన 256 రోజులను ఎనిమిదితో హెచ్చిస్తే 2048 గంటలు. మీ దగ్గర పొద్దున ఆరు గంటలు, మధ్యాహ్నం ఆరు, రాత్రి పన్నెండు గంటల పద్ధతైతే రోజుల్లో లెక్కించకండి, నేరుగా గంటల్లో కట్టండి. లేకపోతే నైట్ డ్యూటీ అంతా ఒక్క రోజుగా పడి సగం పని మాయమవుతుంది.

తర్వాత ఏడాది పని. మన వార్డులో 2400 అడ్మిషన్లు, 9900 పేషెంటు-రోజులు (ఒక పేషెంటు ఒక రోజు ఉంటే ఒకటి) అనుకుందాం. వాటిలో తేలిక 4500, మధ్యస్థం 4000, బరువు 1400. గంటల్లో 5625, 10,000, 7000. అడ్మిషన్లకు 1600 గంటలు, డిశ్చార్జిలకు 1200. మొత్తం 25,425. దాన్ని 2048తో భాగిస్తే 12.41.

అయితే అందరూ చేసే పక్కపనులు, హ్యాండోవర్, రికార్డులు, భోజనం, ఎనిమిది గంటల్లో గంటా నలభై అయిదు నిమిషాలు, అంటే 22 శాతం. ఇక్కడ చాలామంది 12.41కి 22 శాతం కలిపేస్తారు, అది తప్పు. 0.78తో భాగించాలి, 15.9 వస్తుంది. కలిపితే 15.1 దగ్గరే ఆగి ముప్పాతిక మనిషి తగ్గిపోతాడు. చివరగా కొందరే చేసే పని. ఇన్‌ఛార్జి సిస్టర్ డ్యూటీ చార్టుకీ స్టోరుకీ పెట్టే సమయం ఏడాదికి 600 గంటలైతే 0.29. మొత్తం 16.2. పదహారు పోస్టులు.

ఉన్నది పదకొండుగురైతే, దాన్ని కావాల్సిన పదహారుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.69. ఒకటికి ఎంత తక్కువైతే అంత ఒత్తిడి. ఒక చోట ఇద్దరు కావాల్సింది ఒకరే ఉన్నారు, ఇంకోచోట 26 కావాల్సింది 20 ఉన్నారు. లోటు చూస్తే రెండోచోట ఆరుగురు తక్కువ, మొదటిచోట ఒక్కరే. నిష్పత్తి చూస్తే మొదటిది 0.5, రెండోది 0.77. కొత్తగా ఒక్క పోస్టే వచ్చిందంటే మొదటిచోటికే ఇవ్వాలి. లోటు చూసి పంచితే ఎప్పుడూ పెద్ద వార్డే గెలుస్తుంది.

విస్న్‌లో బలహీనమైన చోటు నిమిషాల ప్రమాణం. మధ్యస్థం పేషెంటుకు 150 బదులు 180 పెడితే ఒక పోస్టూ పావు పెరుగుతుంది. అందుకే ఆ నిమిషాలు ఎలా వచ్చాయని ఆర్థిక విభాగం అడిగినప్పుడు కాగితం చూపించగలగాలి.

నిమిషాలు ఎక్కడినుంచి తేవాలి

ఇప్పుడు హడావుడిగా చేస్తున్న వేగాన్ని ప్రమాణంగా తీసుకోవడం అందరూ చేసే తప్పు. ఉదయం ఎనిమిది గంటల ఇంజెక్షన్ల రౌండు చూడండి. కేస్ షీటులో మందు చూసి, పేరు అడిగి, వయల్ కలిపి, క్యాన్యులా (నరంలో పెట్టిన సూది గొట్టం) దగ్గర ఉబ్బిందేమో చూసి, ఫ్లష్ చేసి, నిదానంగా ఎక్కించి, సంతకం పెట్టడానికి అయిదు నిమిషాలు. తరుముకుంటూ చేస్తే రెండు. నలభై ఇంజెక్షన్లున్న వార్డులో ఇద్దరు సరిగ్గా చేస్తే ఆఖరి బెడ్డుకు తొమ్మిది నలభై అవుతుంది. ఒక్కరే సరిగ్గా చేస్తే పదకొండు ఇరవై. ఆ ఒక్కరూ ఎనిమిదిన్నరకే డాక్టరు రౌండులో నిలబడాల్సి వస్తే ఏది వదిలేస్తారో మీకే తెలుసు. రెండు నిమిషాలను కొలిచి ప్రమాణంగా రాశారంటే ఆ వదిలేయడాన్నే పద్ధతిగా ఒప్పుకున్నట్టు.

కాబట్టి రెండూ చేయాలి. ఒకటి, అనుభవమున్న నలుగురైదుగురు సిస్టర్లను కూర్చోబెట్టి, సరిగ్గా చేస్తే ఎంతసేపు పడుతుందో పనివారీగా రాయించడం. రెండు, గమనించి నమూనా తీయడం. పది నిమిషాలకోసారి వార్డంతా ఒక్క చూపు చూసి, ప్రతి నర్సు ఆ క్షణంలో ఏం చేస్తోందో టిక్కు పెట్టాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని వెంటపడనక్కర్లేదు. రోజుకు 144 చూపులు, షిఫ్టుకు నలుగురుంటే రోజుకు అయిదొందలపైన టిక్కులు. ఏదైనా పని వాటా 22 శాతం దగ్గర ఉంటుందనుకుంటే, రెండు శాతం అటూఇటూ తేడాతో చెప్పడానికి సుమారు 1650 టిక్కులు కావాలి. నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. అయినా వారం రోజులు చేయండి, ఆదివారం కూడా పడాలి. మొదటి రోజు కాగితాలు పక్కన పడేయండి. ఎవరో రాసుకుంటున్నారని ఆ రోజు అందరూ గ్లౌజులు వేసుకునే తిరుగుతారు.

టిక్కు పెట్టేవారు ఆ వార్డువాళ్లు కాకూడదు. నర్సింగ్ కాలేజీ ఆఖరి ఏడాది విద్యార్థులు సరిగ్గా సరిపోతారు. ‘పేషెంటు దగ్గర’, ‘పేషెంటు కోసం దూరంగా’, ‘రాతపని’, ‘నర్సింగ్ కాని పని’, ‘విరామం’ అని అయిదు గళ్లు చాలు. నాలుగో గడి చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు వెళ్లడం, ఫార్మసీ దగ్గర నిలబడటం, ఆరోగ్య పథకం అనుమతికి ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడం, స్ట్రెచర్ తోయడం అన్నీ అక్కడ తేలతాయి. ఆ వాటా పెద్దదైతే నర్సును అడగడం కంటే ఒక ఎంఎన్‌ఓనో (వార్డులో సాయపడే మగ సహాయకుడు) డేటా ఎంట్రీ మనిషినో అడగడం చవక, మంజూరవడమూ తేలిక.

మన దగ్గర ఇంకో దొంగలెక్క ఉంది. పేషెంటుకు అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, సెలైన్ బాటిల్ మీద కన్నేసి ఉంచడం ఇంటినుంచి వచ్చినవాళ్లే చేస్తుంటారు. ‘సిస్టరుగారండీ, బాటిలు అయిపోయిందండీ’ అని కేక వినబడితేనే నర్సు కదిలే వార్డులో కొలిచిన నిమిషాలు తక్కువే వస్తాయి. ఐసీయూలోకీ, ఐసొలేషన్‌లోకీ తోడు మనుషుల్ని రానివ్వరు, అక్కడ అదే పేషెంటుకు రెట్టింపు సమయం పడుతుంది. తోడు లేకుండా వచ్చిన పేషెంట్లను ఒక తరగతి పైకి జరపాలని మా సలహా.

ఐసీయూకి వేరే తూకం

ఐసీయూలో మూడు దారులున్నాయి. వెంటిలేటర్ మీదున్నవారికి 1:1, లేనివారికి 1:2 అన్న నిష్పత్తి ఒకటి. 1996లో వచ్చిన టిస్-28 అనే చికిత్సల స్కోరు రెండోది. అందులో చికిత్సలకు పాయింట్లుంటాయి, ఒక నర్సు ఒక షిఫ్టులో 46 పాయింట్ల పని చేయగలదని లెక్క. కానీ అది మందులనూ యంత్రాలనూ చూస్తుంది, పేషెంటును పక్కకు తిప్పడం, బంధువులకు చెప్పుకోవడం దానికి ఆనవు. ఆ లోటు తీర్చడానికే 2003లో నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్ వచ్చింది. 23 అంశాలు, నూరు పాయింట్లంటే ప్రతి షిఫ్టులోనూ ఒక నర్సు పూర్తిగా ఆ పేషెంటుకే.

ఎనిమిది బెడ్ల ఐసీయూలో స్కోర్లు 62, 70, 55, 88, 64, 58, 75, 68 వచ్చాయనుకోండి. మొత్తం 540, అంటే షిఫ్టుకు 5.4 మంది. అందరికీ 1:2 అని పెడితే నలుగురే. వెంటిలేటర్లు మూడని విడగొట్టి నిష్పత్తి వేస్తే ఆరుగురు.

ఈ స్కోరులో బంధువుల అంశం చూడండి. మామూలుగా గంటపాటు మాట్లాడితే 4 పాయింట్లు. ఏదైనా షిఫ్టులో మూడు గంటలు, అంతకుమించి పోతే 32. లంక గ్రామంనుంచి పేషెంటుతోపాటు ఊళ్లోవాళ్లు ట్రాక్టరు వేసుకొచ్చి ఐసీయూ తలుపు దగ్గర నిలబడిన రోజున ఆ 32 ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఒక షిఫ్టులో మూడోవంతు నర్సు అక్కడే పోయినట్టు. దానికి నర్సును పెంచక్కర్లేదు, తలుపు దగ్గర మాట్లాడే మనిషి ఒకరిని పెడితే స్కోరే తగ్గుతుంది.

తప్పులు జరిగేది ఎ, బి, సి అని మూడేసి మెట్లున్న అంశాల దగ్గర. ఒళ్లు శుభ్రం చేయడంలో మామూలుకు 4.1, రెండు గంటలు దాటితే 16.5, నాలుగు దాటితే 20. ‘చాలాసేపు పట్టింది’ అని బి టిక్కు పెట్టేస్తుంటారు. సమయం రాసి ఉంటేనే బి, లేకపోతే ఎ అన్న నియమం మొదటి రోజే పెట్టండి. ఒక పేషెంటుకు స్కోరు వేయడానికి అలవాటైతే అయిదు నిమిషాలు చాలు.

ఇంగ్లండులో వాడే సేఫర్ నర్సింగ్ కేర్ టూల్ కూడా కొందరు దించుకుని వాడుతున్నారు. తరగతుల నిర్వచనాలు బాగుంటాయి, తీసుకోండి. గుణకాలు మాత్రం తీసుకోవద్దు. అవి అక్కడి నర్సూ, హెల్త్‌కేర్ అసిస్టెంటూ కలిసిన జట్టుకు, అక్కడి సెలవులకు కట్టినవి.

గోదారి కాలెండరు

విస్న్ ఏడాది సగటు చెబుతుంది. డెల్టాలో ఏడాది సగటుగా ఉండదు. పదహారు పోస్టులతో రోజుకు సగటున పదకొండుమంది డ్యూటీలో దొరుకుతారు. సీజన్లో అరవై రోజులు 18 మంది కావాలంటే మామూలు రోజు కన్నా ఆరుగురు చొప్పున 360 షిఫ్టులు అదనం. ఏడాది లెక్కలో అది ఒకటిన్నర పోస్టు లోపే, కానీ అదంతా రెండు నెలల్లోనే కావాలి. పోస్టులు పెంచితే మిగతా పది నెలలు మిగులు. అందుకని ఆగస్టు, సెప్టెంబరుల్లో వాయిదా వేయగల ఆపరేషన్లు తగ్గించి సర్జికల్ వార్డునుంచి మనుషుల్ని జరపడం, రెండు వార్డుల పని తెలిసిన నలుగురైదుగురితో ఒక జట్టు ఉంచుకోవడం మేలు. కొత్తగా చేరినవారిని మొదటి నెల సగం మనిషిగానే లెక్కించండి. విద్యార్థుల్ని అసలు లెక్కించొద్దు.

వరదల్లో ఇంకో మెలిక. పని పెరిగిన రోజునే నర్సులు తగ్గుతారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. స్టాఫ్‌లో ఎవరి ఇల్లు ఏ కాజ్‌వే అవతల ఉందో ఒక జాబితా ముందే రాసి ఉంచండి. భద్రాచలంలో నీరు పెరుగుతోందన్న కబురుకూ ఇక్కడ కాజ్‌వే మునగడానికీ మధ్య వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే వారిని పిలిపించి క్వార్టర్సులోనో హాస్టల్లోనో ఉంచాలి. ఇంకోటి, దారులు మూసుకుంటే డిశ్చార్జి రాసినా పేషెంట్లు కదలరు. తేలిక తరగతి ఉబ్బిపోయి బెడ్లు నిండినట్టు కనబడుతుంది. పని అంత ఉండదు. ఆ రోజుల్లో బెడ్ల లెక్క చూసి కంగారుపడి స్టాఫ్‌ను ఇటు లాగితే, నిజంగా అవసరమున్న క్యాజువాల్టీ ఎండిపోతుంది.

సంక్రాంతి మూడు రోజులదీ అదే కథ. సెలవు అడగనివారు ఉండరు, అదే సమయంలో బైకు ప్రమాదాలూ కోడికత్తి గాయాలూ క్యాజువాల్టీకి వస్తాయి. డిసెంబరు మొదటి వారంలోనే సెలవుల జాబితా మూసేసి, పోయిన ఏడాది పండగ పనిచేసినవారికి ఈసారి ముందు ఇవ్వండి.

మరి దేన్ని ఎంచుకోవాలి

పాతిక ముప్పై బెడ్ల నర్సింగ్ హోంకు విస్న్ అక్కర్లేదు. షిఫ్టుకు ఎంతమందో నిష్పత్తితో తేల్చుకుని, 1.43 లాంటి మీ సొంత గుణకం వేసి, రోజూ మూడు తరగతుల పలక ఒకటి నర్సుల స్టేషన్ దగ్గర పెట్టుకుంటే చాలు. వంద పడకలు దాటితే ఏడాదికోసారి విస్న్, రోజూ తరగతులు, రెండూ ఉండాలి. ఒకే నిమిషాలు రెండింటికీ వాడండి, లేకపోతే పైవాళ్ల అంకె ఒకటి, వార్డు అంకె ఒకటి అయి ఎవరి మాటా చెల్లదు. ఐసీయూ అయిదు బెడ్లకు మించితే నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్ మొదలుపెట్టండి, అంతకు తక్కువైతే 1:1, 1:2 చాలు. టిస్-28 కొత్తగా మొదలుపెట్టడం దండగ.

ఖర్చు గురించి యాజమాన్యం అడ్డం తిరిగితే చూపించడానికి ఒక అంకె ఉంది. పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూసే పేషెంట్లలో ఒక్కరు పెరిగినకొద్దీ శస్త్రచికిత్స పేషెంట్లు ముప్పై రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. అది అక్కడి లెక్క, మన వార్డులకు యథాతథంగా అతకదు, కానీ గాలి ఎటు వీస్తుందో చెబుతుంది.

మొదలుపెట్టేవారు ఒక్క వార్డుతో మొదలుపెట్టండి, ఎక్కువ గొడవలున్న వార్డుతో కాకుండా రిజిస్టర్లు శుభ్రంగా ఉన్న వార్డుతో. రెండు వారాలు తరగతులు, మూడో వారం టిక్కులు, నాలుగో వారం విస్న్ పేజీ. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. రాజమహేంద్రవరం, కొవ్వూరు, నర్సాపురం వైపు ఆసుపత్రులు ఆ పన్నెండు రోజులకు ఎంతమంది కావాలో రాసి పంపాల్సిందే. ఇప్పుడు కొలిచి పెట్టుకున్న నిమిషాలుంటే అడ్మిషన్ల అంచనా ఒక్కటి మార్చితే సరిపోతుంది.